ఏ నీళ్లు తాగుతారని అడగని వైద్యం

మా అమ్మను మేము యాడి అంటాం. యాడికి యాభై అయిదేళ్లప్పుడు నడుం పట్టేసింది. పొద్దున లేస్తే ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయేది. తల పక్కకు తిప్పాలంటే మొత్తం మనిషే తిరగాలి. పొయ్యి ముందు కూర్చుంటే లేవలేదు. శెనక్కాయ చేన్లో కలుపు తీయడం మానేసింది. ఆరేళ్లపాటు యాడిని మేము తిప్పని ఆసుపత్రి లేదు. చిన్న క్లినిక్కులు చూశాం, పెద్దవీ చూశాం. వాటి పేర్లతో పనిలేదు, అన్నిచోట్లా జరిగింది ఒకటే. డాక్టరు యాడి అద్దాల రైక చూసేవాడు, చేతి నిండా ఉన్న గాజులు చూసేవాడు. "మీవాళ్లు మూటలు మోస్తారు కదా, నడుం అరగకుండా ఎట్లుంటుంది?" అనేవాడు. నొప్పి మాత్రలు రాసేవాడు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసేవాళ్లం.

ఆరో ఏట ఒక కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన యాడిని కూర్చోబెట్టి, "అమ్మా, మీరు ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగాడు. యాడి మా ముఖం చూసింది. నడుం నొప్పికి వస్తే నీళ్ల సంగతి ఎందుకని ఆమె అనుమానం. "బోరు నీళ్లు సామీ" అంది. "ఆ బోరు ఎన్ని అడుగులు? ఎన్నేళ్లుగా తాగుతున్నారు? మీ తండాలో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అని వరసగా అడిగాడు. తర్వాత మావైపు తిరిగి, "సార్, మీ పళ్లు ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. మా పళ్ల మీద చిన్నప్పటినుంచి గోధుమరంగు చారలున్నాయి. ఆయన యాడి ముంజేతికీ నడుముకీ ఎక్స్‌రే తీయించి, ఇది ఫ్లోరోసిస్ అని చెప్పాడు. బిగిసిన ఎముక మళ్లీ మామూలు కాదని, నీళ్లు మారిస్తే ఇంకా ముదరకుండా ఉంటుందని, ఇన్నేళ్లు మింగిన నొప్పి మాత్రలు కిడ్నీలకు మంచివి కావని వివరంగా చెప్పాడు.

ఆ రోజు బస్సులో తిరిగొస్తూ మేము ఒకటే ఆలోచించాం. ఫ్లోరోసిస్ కొత్త జబ్బేం కాదు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువు నిండదు, బావి ఎండుతుంది, బోరు లోతుకు పోతుంది. రాతిపొరల్లో ఎక్కువకాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇదంతా ఎంబీబీఎస్ చదివిన ప్రతి డాక్టరుకూ తెలుసు. పరీక్షలో రాసి పాసై వచ్చినవాళ్లే. మరి ఆరేళ్లలో ఒక్కరికీ ఆ ప్రశ్న ఎందుకు నోట రాలేదు?

మాకు తోచిన జవాబు ఇది. యాడి తలుపు తోసుకుని లోపలికి వెళ్లగానే వాళ్లకు జవాబు దొరికిపోయింది. తండా ఆడమనిషి, మూటలు మోస్తుంది, నడుం అరిగింది. జవాబు ముందే దొరికిన చోట ప్రశ్నకు తావుండదు. వాళ్లలో ఎవరూ యాడిని తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. ఒకరిద్దరు నవ్వుతూనే మాట్లాడారు. అయినా మా యాడి నడుం పోయింది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంతే. వైద్యంలో చులకన అంటే మనసు నొచ్చుకునే వ్యవహారం అని చాలామంది అనుకుంటారు. మనసు నొచ్చుకోవడం నిజమే. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. చులకన ప్రశ్నను చంపుతుంది. పేషెంటు బల్ల దగ్గర డాక్టరు అడగాల్సిన ప్రశ్న చస్తుంది. మెడికల్ కాలేజీలో మన పిల్లలు అడగాల్సిన ప్రశ్న చస్తుంది. ఈ రెండు చావులకూ మూలం ఒకటే.

నువ్వు, మీరు

మన తెలుగులో మనిషిని కొలవడానికి వేరే తూకం అక్కరలేదు. నువ్వు, మీరు అనే రెండు మాటలు చాలు. ఆసుపత్రి ఓపీ వరసలో ఒక గంట నిలబడి చెవులు పెట్టి వినండి. చలువ చొక్కా వేసుకున్నాయనకు "కూర్చోండి, ఏమిటి ఇబ్బంది?" అని వినబడుతుంది. వెంటనే తర్వాత వెళ్లిన తండా ముసలాయనకు "ఏం రా తాతా, ఏమైంది నీకు, తొందరగా చెప్పు" అని వినబడుతుంది. వయసులో ఆయన డాక్టరుకు తండ్రి లాంటివాడు. "తాతా అని ప్రేమగానే పిలిచాను కదా" అని ఆ డాక్టరు అనవచ్చు. ఆ ప్రేమ చలువ చొక్కా తాతమీద ఎందుకు కారదు అన్నదే మా సందేహం.

ఏకవచనంలో అడిగినప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో మనకు తెలుసు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటారు. నాలుగు నొప్పులుంటే ఒకటే చెబుతారు. నాటుమందు వాడారా అంటే, తిడతారని లేదంటారు. మాత్రలు సగంలో ఎందుకు ఆపావంటే తల దించుకుంటారు. డబ్బులైపోయాయని, కూలికోసం బెంగళూరు పోయామని చెప్పరు. మాట తేడా వస్తే రోగచరిత్ర మొత్తం తేడా వస్తుంది.

అమెరికాలో చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి మానసిక వైద్యుడు ఉండేవాడు. హార్వర్డులో పాఠం చెప్పినవాడు. నల్లవాళ్లకు రోజూ ఎదురయ్యే చిన్నచిన్న అవమానాలకు 1970లో ఆయనే 'మైక్రోఅగ్రెషన్' అని పేరు పెట్టాడు. తెలుగులో మనం కొత్తమాట వెతుక్కునే పనిలేదు. ఎత్తిపొడుపు, చులకన, చిన్నచూపు, ఈసడింపు అని మనకు ఎన్ని మాటలున్నాయో చూడండి. ఇన్ని మాటలున్నాయంటే ఈ పని మన సమాజంలో ఎంత పాతదో అర్థమవుతుంది. ఆ మాట పెట్టినవాడు ఒక వైద్యుడు కావడం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. పక్షవాతాన్నీ క్షయనూ ఎలా పేరు పెట్టి పిలుస్తారో, దీన్నీ అలా పేరు పెట్టి పిలవాలని ఒక డాక్టరుకే అనిపించింది.

కేసుషీటును కథలా చదివితే

మన రచయితలం కథ చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకుంటాం. ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఎవరి నోటికి మాట ఇచ్చారు? ఎవరిని మూగగా నిలబెట్టారు? మన గిరిజన పాత్రలను ఇతరులు రాసిన కథల మీద ఈ ప్రశ్నలు చాలాసార్లు వేశాం. అవే ప్రశ్నలు కేసుషీటు మీద కూడా వేద్దాం. అదీ ఒక కథే. అందులో ప్రధాన పాత్ర పేషెంటు, కథ చెప్పేవాడు డాక్టరు.

డాక్టర్ల పుస్తకాల్లో, మాటల్లో 'పూర్ హిస్టారియన్' అనే పేరు ఒకటి ఉంది. తన జబ్బు సంగతి సరిగా చెప్పలేని పేషెంటు అని అర్థం. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే మా యాడి, తెలుగులో తన నొప్పి చెప్పడానికి తడుముకుంటే ఆమెకు ఈ పేరు వస్తుంది. ఆమె భాష రాని డాక్టరుకు ఏ పేరూ రాదు. చరిత్ర చెప్పలేనిది ఆమేనా, వినలేనిది ఆయనా? కథకుడు తన లోపాన్ని పాత్రమీద వేయడం అంటే ఇదే.

'నాన్ కంప్లయంట్' అనేది ఇంకో పేరు. చెప్పినట్టు మందులు వాడనివాడు అని. తండాకు ఆసుపత్రి ఎంత దూరం, బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది, ఒకరోజు ఆసుపత్రికి వస్తే ఎంత కూలి పోతుంది, ఈ లెక్కలేవీ ఆ మాటలో లేవు. ఉన్నదల్లా ఆ మనిషి మొండితనం. ఒక్క మాటతో దారిద్ర్యం గుణమైపోయింది.

వైద్యవిద్యార్థులు కుటుంబాల స్థాయిని కొలవడానికి కుప్పుస్వామి స్కేలు నేర్చుకుంటారు. 1976లో తయారైంది. ఇంటిపెద్ద చదువు, వృత్తి, ఇంటి ఆదాయం అనే మూడింటికి మార్కులు వేసి తరగతి తేలుస్తారు. అది పట్టణ కుటుంబాలకోసం తయారైనది. పల్లెలకు వాడే బి.జి. ప్రసాద్ స్కేలు 1961 నాటిది, అది తలసరి ఆదాయం చూస్తుంది. ఈ స్కేళ్లు తప్పని మేము అనడం లేదు. లెక్కకు పనికొస్తాయి. కానీ తండాకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, ఊరివాళ్ల ట్యాంకు దగ్గర తండావాళ్లకు ఎన్ని బిందెలు దక్కుతాయి అన్న సంగతి ఆ మార్కుల్లో పట్టదు. స్కేలు వేసినంతమాత్రాన మనిషి తెలిసిపోయిందనుకుంటే మళ్లీ ప్రశ్న చచ్చినట్టే.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. మనదేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట వైద్యపత్రికకు ఎక్కింది మన తెలుగునేల నుంచే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలోని రోగుల గురించి రాశారు. అంతకుముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. డాక్టరు కంటే ముందు రైతు చూశాడు. చదువురాని రైతు చూపును చదువుకున్న డాక్టరు లెక్కలోకి తీసుకున్నాక ఆ జబ్బుకు పుస్తకంలో చోటు దొరికింది. వైద్యం ముందుకు పోయిన ప్రతిచోటా ఎవరో ఒకరు పేషెంటును అడిగారు, విన్నారు. మా యాడి దగ్గర ఆరేళ్లు ఆగిపోయింది ఈ పనే.

చర్మం రంగు, నొప్పి కొలత

ఇది మన ఒక్కచోటే ఉందనుకోవద్దు. 2016లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంవాళ్లు తెల్లజాతి వైద్యవిద్యార్థులను, జూనియర్ డాక్టర్లను కొన్ని ప్రశ్నలు అడిగారు. నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందనడం వంటి తప్పుడు మాటల్లో కనీసం ఒక్కటైనా నిజమేనని సుమారు సగంమంది అన్నారు. అలా నమ్మినవాళ్లు నల్లవాళ్ల నొప్పిని తక్కువగా అంచనా వేశారు, వైద్యం కూడా అంత సరిగా సూచించలేదు. "మీవాళ్లు గట్టివాళ్లమ్మా, మీకు కాన్పు ఎంతసేపు" అని మన ఆడబిడ్డలతో అనే మాట ఇక్కడ గుర్తు చేసుకోండి. మెచ్చుకోలు లాగే ఉంటుంది. ఆ మెచ్చుకోలు వెనక, నీకు నొప్పి మందు అవసరం లేదు, నీ కేక నిజం కాదు అనే తీర్పు ఉంది.

కరోనా కాలంలో మనందరం వేలికి పెట్టుకున్న ఆక్సిమీటరు సంగతి కూడా ఇలాంటిదే. రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గినా ఆ పరికరం బాగానే ఉందని చూపించడం, తెల్లవాళ్లకంటే నల్లవాళ్లలో దాదాపు మూడురెట్లు ఎక్కువగా జరుగుతోందని 2020 డిసెంబరులో అమెరికా వైద్యపత్రిక ఒకటి ప్రచురించింది. పరికరానికి ద్వేషం ఉండదు. దాన్ని తయారుచేసి పరీక్షించినవాళ్ల మనసులో మామూలు మనిషి అంటే ఎవరో, ఆ రంగుకే అది సరిపోయింది. అదే ఏడాది లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్యవిద్యార్థి, తన పాఠాల్లో చర్మరోగాల బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదే ఉన్నాయని గమనించాడు. ముదురు చర్మం మీద అవే జబ్బులు ఎలా కనబడతాయో చూపే చిన్న పుస్తకాన్ని తన టీచర్లతో కలిసి తెచ్చాడు. చదువుకునే పిల్లవాడు ప్రశ్న వేశాడు, టీచర్లు విన్నారు, వైద్యం కొంచెం బాగుపడింది. మన పిల్లలకు ఆ అవకాశం ఉందా?

తెల్లకోటు వేసుకున్నాక

మా దగ్గర అయిదో తరగతి దాకా చదివిన ఒక పాప ఎంబీబీఎస్‌లో చేరింది. తండాలో అందరం పండగ చేసుకున్నాం. మొదటి సెలవులకు వచ్చినప్పుడు, "ఎట్లుందమ్మా చదువు?" అని అడిగితే, "బాగుంది సార్" అంది. రెండో ఏడాది కూడా బాగుందనే అంది. మూడో ఏడాది ఒకరోజు బడి అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పింది.

చేరిన మొదటివారం అందరూ అడిగింది ర్యాంకేనట. చెప్పగానే "ఓహో" అని ఒక చిన్న నవ్వు. "నువ్వు ఎస్టీలాగా కనపడవే" అని ఒక స్నేహితురాలు మెచ్చుకుంది. ఇంగ్లీషులో జవాబు చెబితే "అరె, బాగా మాట్లాడుతున్నావే" అని ఒక లెక్చరర్ ఆశ్చర్యపోయాడు. తోటి ఎరుకల అబ్బాయి గదిలో ఎవరిదో పెన్ను పోతే "ముందు వాడి సంచి చూడండ్రా" అని నవ్వులు. అది సరదా అన్నారు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1952లో అది పోయింది. కానీ ఎరుకలవాళ్ల మీద, మన సుగాలీల మీద అది వేసిన మచ్చ ఆ హాస్టలు గదిలో ఇంకా నవ్వులాట.

అన్నిటికంటే ఆ పాపను బాధపెట్టింది ఇంకోటి. వార్డులో తెలుగు సరిగా రాని లంబాడీ ముసలామె ఉంది. "నీకు వాళ్ల భాష వచ్చు కదా, అడుగు" అన్నారు. పాప అరగంట కూర్చుని అంతా అడిగి తెలుసుకుంది. మరుసటి రోజు రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ముందు ఆ కేసు ఇంకొక విద్యార్థి చెప్పాడు. మంచి మార్కులు అతనికి పడ్డాయి. పాప వెనక వరసలో నిలబడింది. "సార్, నేను చెప్పిందాంట్లో ఒకటి తప్పు చెప్పినాడు. సరిచేద్దామనుకున్నా. నోరు రాలేదు" అంది.

మేము ఆ మాట దగ్గరే ఆగిపోయాం. ఆ పాప మా బడిలో చెయ్యి ఎత్తకుండా ఒక్కరోజు ఉండేది కాదు. నోరు రాకపోవడం ఆమె గుణం కాదు. మూడేళ్ల చిన్న నవ్వులు ఆమెకు నేర్పిన పాఠం అది. దానివల్ల నష్టపోయింది ఆమె ఒక్కతే కూడా కాదు. ఆ తప్పు సమాచారంతో మందు మింగిన ముసలామె కూడా.

ఇవి ఒకరిద్దరి అనుభవాలు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష గురించి విచారించడానికి 2006లో కేంద్ర ప్రభుత్వం సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో నివేదిక వచ్చింది. టీచర్ల సాయం అందకపోవడం, మౌఖిక పరీక్షల్లో సూటిగానో చుట్టుతిప్పో కులం అడగడం, హాస్టల్లో వేరుపడిపోవడం గురించి ఎక్కువమంది విద్యార్థులు చెప్పినట్టు అందులో ఉంది. దేశంలోనే గొప్ప వైద్యకళాశాల సంగతి అది.

ఆ దారి చివర ఏముంటుందో కూడా చూశాం. 2019 మే 22న ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయింది. తడ్వి భిల్లు ఆదివాసీ బిడ్డ, గైనకాలజీలో పీజీ చదువుతోంది. ముగ్గురు సీనియర్ల మీద కేసు పెట్టారు. 2023 ఫిబ్రవరి 22న వరంగల్‌లో మన లంబాడీ బిడ్డ, మత్తువైద్యం పీజీ మొదటి ఏడాది చదువుతున్న డాక్టర్ ధరావత్ ప్రీతి ఆసుపత్రిలో స్పృహలేకుండా కనబడింది. 26న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. ఒక సీనియర్ మీద ర్యాగింగ్, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాల కింద కేసు పెట్టారు. వాట్సాప్ గ్రూపులో అందరిముందు చులకన చేయడం కూడా వేధింపేనని అప్పట్లో పోలీసు అధికారులు విలేకరులతో అన్నారు. దోషం ఎవరిది, ఎంత అన్నది కోర్టులు తేల్చాలి. మేము ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. ఇద్దరు తల్లులూ బిడ్డల చదువుకోసం ఎంత దూరం నడిచారో మాత్రం మనకు తెలుసు, ఎందుకంటే మన తల్లులూ అదే దారిలో నడుస్తున్నారు.

కోటా మాట

"కోటాలో వచ్చిన డాక్టరు దగ్గరికి నువ్వైతే వెళ్తావా?" అని మమ్మల్నే ఒకాయన టీకొట్టు దగ్గర అడిగాడు. దీనికి మన పిల్లలు జవాబు నేర్చుకుని ఉండాలి. రిజర్వేషను కాలేజీ గేటు దాకానే. లోపల పరీక్షలు అందరికీ ఒకటే, పాసు మార్కు అందరికీ ఒకటే. ఎస్టీ విద్యార్థికి శరీరశాస్త్రంలో ఒక ఎముక తక్కువ నేర్పరు. లక్షలు కట్టి మేనేజ్‌మెంటు సీట్లో, ఎన్నారై సీట్లో చేరినవాళ్లలో మన పిల్లలకంటే వెనక ర్యాంకులవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను ఎవరూ ర్యాంకు అడగరు, వాళ్ల దగ్గరికి వెళ్తావా అని టీకొట్టు దగ్గర చర్చ పెట్టరు. డబ్బుతో వచ్చిన సీటుకు సిగ్గులేదు, హక్కుతో వచ్చిన సీటుకు సిగ్గుపడమంటున్నారు.

కొందరు డాక్టర్లు మాతో ఇంకోలా అంటారు. రోజుకు వందలమంది పేషెంట్లు, ఒక్కడే డాక్టరు, ఎవరిని కూర్చోబెట్టి అడగగలం, మేము పేదవాళ్లందరితోనూ ఇలాగే ఉంటాం, ఇందులో కులం ఎక్కడుంది అని. ఈ మాటలో నిజముంది. రద్దీ అబద్ధం కాదు. రాత్రంతా డ్యూటీ చేసిన జూనియర్ డాక్టరు అలసట అబద్ధం కాదు. కానీ రద్దీ ఉన్నప్పుడు ఎవరి ప్రశ్నలు ముందు తగ్గిపోతాయి అన్నది చూడండి. సమయం తక్కువైనప్పుడు మనిషి తన పాత నమ్మకాల మీద ఆధారపడతాడు. ఆ నమ్మకాలు మనగురించి ఏం చెబుతాయో మనకు తెలుసు. పైగా "ఏ నీళ్లు తాగుతారు?" అని అడగడానికి పట్టే కాలం ఎంత? మూటలు మోస్తారు కదా అనడానికి పట్టినంతే.

మన ఇంట్లోని చులకన

ఇతరులను విమర్శించాక మన చేతులు కూడా చూసుకోవాలి. మేము టీటీసీ చదివి బడిలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు భాగహారం తప్పుచేస్తే "తండా బుద్ధి పోనిచ్చుకోలేదు" అన్నాం. మేమూ తండా నుంచి వచ్చినవాళ్లమే. ఆ మాట మమ్మల్ని చిన్నప్పుడు మా టీచరు అన్నది. ఇరవై ఏళ్ల తర్వాత అదే మా నోట వచ్చింది. ఆ పిల్లవాడు ఆ ఏడాది మళ్లీ చెయ్యి ఎత్తలేదు. డాక్టర్లు మెడికల్ కాలేజీలో పుట్టరు, మనలాంటి బడుల్లోనే పుడతారు. బెంచీల్లో ముందు వరస ఎవరికి, వెనక వరస ఎవరికి అన్న పాఠం అక్కడే మొదలవుతుంది.

ఇంకొక మాట. మనలోంచి డాక్టర్లైనవాళ్లు కొందరు ఇంటిపేరు మార్చి చెబుతారు. వార్డులో మనభాష మాట్లాడే ముసలామె ఎదురైతే తెలియనట్టు ఉంటారు. వాళ్లను తప్పుపట్టడం సులువు. ఆ దాపరికం వెనక ఎన్ని చిన్న నవ్వులున్నాయో ఆలోచిస్తే కోపం రాదు. కానీ వాళ్లు ఒక్కసారి గోర్‌బోలిలో "యాడీ, ఏమైంది?" అని పలకరిస్తే ఆ ముసలామె నాలుగు నొప్పులూ చెబుతుంది. ఆ పలకరింపు మందులాంటిది.

ఏం చేయాలి

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించారు. నలుగురూ చూసేచోట కావాలని అవమానించడం దానికింద నేరం. చట్టం తెలుసుకోవాలి, అవసరమైనప్పుడు వాడాలి. అయితే చిన్న నవ్వు, ఒక 'ఓహో', ఒక నువ్వు, ఇవి ఏ సెక్షనుకూ దొరకవు. వీటికి వేరే పనులు కావాలి.

వైద్యం చదివే మన పిల్లలకు చెప్పేది ఇది. జరిగినదాన్ని తేదీ, చోటు, ఎవరున్నారు అన్న వివరాలతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. ఒంటరిగా మోయకండి. ఇంట్లో చెప్పండి, మీ పాత టీచర్లకు చెప్పండి. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకు 1800-180-5522 నంబరుంది. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనే వింటారు. సాయం అడగడం తక్కువతనం కాదు. ఫోన్లో బిడ్డ "బాగుంది" అని ఒక్క మాటతో సరిపెడుతుంటే, తల్లిదండ్రులు, టీచర్లు ఇంకొక ప్రశ్న అడగాలి. మేము మూడేళ్లు ఆలస్యంగా అడిగాం.

టీచర్లకు చెప్పేది ఇంకొకటి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఆసుపత్రి నాటకం ఆడించండి. ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు. తన జబ్బును వరసగా చెప్పడం నేర్పండి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ నొప్పి, ఏం తింటాం, ఏ నీళ్లు తాగుతాం, ఏ మందులు వాడాం. అడగకపోయినా చెప్పడం వస్తే ముసలివాళ్లతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు పిల్లలు వాళ్ల నోరవుతారు. "నాకు అర్థం కాలేదు సార్, ఇంకోసారి చెప్పండి" అనే వాక్యాన్ని గట్టిగా పలికించండి. మా బడిలో మేము వారానికి ఒకసారి చేయిస్తున్నాం. మొదట్లో డాక్టరు వేషం వేసిన ప్రతి పిల్లవాడూ పేషెంటును కసిరేవాడు. డాక్టరంటే అంతే అనుకున్నారు. ఇప్పుడు కొందరు "కూర్చోండి" అంటున్నారు.

మా పాప ఇప్పుడు హౌస్‌సర్జన్. పోయిన నెల వచ్చినప్పుడు యాడి దగ్గర కూర్చుంది. నీళ్లు ఏవి తాగుతున్నారని అడిగింది, కాళ్లు పట్టి చూసింది. తిరిగి వెళ్లేముందు మాతో ఒక సంగతి చెప్పింది. రౌండ్స్‌లో పక్క విద్యార్థి ఒక పేషెంటు సంగతి తప్పు చెబితే, "సార్, ఆమె అలా చెప్పలేదు" అని అందిట. గొంతు వణికిందట. పెద్ద డాక్టరు ఆగి, "అయితే ఏం చెప్పిందో నువ్వు చెప్పు" అన్నాడట.

యాడి నడుం ఇక వంగదు. కానీ ఆ వార్డులో ఎవరో ఒక ముసలామెకు ఆ రోజు సరైన మందు పడి ఉంటుంది.